గాలం మింగిన చిన్న చేప: లాగకండి, దారం కోసేయండి

సాగర్ కుడి కాలువకు నీళ్లు వదిలారంటే సత్తెనపల్లి, నరసరావుపేట, వినుకొండ, దర్శి, అద్దంకి వైపు ఊళ్లలో రైతులకు పత్తి, మిరప చేలు గుర్తొస్తాయి. పిల్లలకు మాత్రం గాలం గుర్తొస్తుంది. ఆదివారాల్లో, పండగ సెలవుల్లో కాలువ గట్టున, చెరువు కట్ట మీద, గుండ్లకమ్మ ఒడ్డున కర్ర, నైలాన్ దారం, డబ్బాలో ఎర్రలు పెట్టుకుని కూర్చునే వాళ్లు కనపడుతూనే ఉంటారు. అబ్బాతో పాటు పిల్లలు కూడా వెళ్తారు. ఖర్చు లేని సరదా, దొరికితే సాయంత్రానికి కూర.

అయితే గాలానికి పడేవాటిలో చాలా వరకు పిల్ల చేపలే. కూరకు పనికిరావు. "పాపం, చిన్నది, వదిలేద్దాం" అనుకుంటాం. తీరా చూస్తే గాలం పెదవికి కాదు, గొంతులోకి దిగి ఉంటుంది. అప్పుడు చాలామంది చేసేది ఒకటే. దారం చేతికి చుట్టుకుని గట్టిగా లాగుతారు. గాలం బయటికొస్తుంది, దాంతో పాటు రక్తమూ వస్తుంది. చేపను నీళ్లలోకి విసిరేస్తారు. అది కాస్త ఈదినట్టు కనపడి లోపలికి పోతుంది. వదిలేశామన్న తృప్తి మనకు మిగులుతుంది, చేప మాత్రం చాలాసార్లు మిగలదు.

దీనికి చాలా తేలికైన ఉపాయం ఉంది. గాలం గొంతులోకి దిగిపోతే దాన్ని తీసే ప్రయత్నమే చేయకూడదు. నోటి దగ్గర దారం కోసి, చేపను వదిలేయాలి. అలా ఎందుకో, ఎలాగో, ఎప్పుడు వదలకూడదో చూద్దాం.

చిన్న చేప అంటే ఏది?

చిన్నగా కనపడే ప్రతి చేపా పిల్ల చేప కాదు. పరిగెల్లాంటివి పెరిగినా వేలెడంత, జానెడంతే ఉంటాయి. వాటిని తెచ్చుకుంటే తప్పేం లేదు. కానీ జానెడు పొడవున్న బొచ్చ, శీలావతి, ఎర్రమోసు ఇంకా పసివే. మంచి మేత ఉన్న చెరువులో బొచ్చ, శీలావతి ఏడాదిలో ముప్పావు కిలో నుంచి కిలో దాకా పెరుగుతాయి. ఇవాళ 100 గ్రాముల చేపను వదిలితే, వచ్చే ఏడాది అదే చేప ఒక ఇంటికి పూట కూర అవుతుంది.

ఇంకో సంగతి కూడా ఉంది. ఈ మూడు రకాలూ మామూలుగా నిలవ నీళ్ల చెరువులో గుడ్లు పెట్టవు. వానాకాలంలో పారే నదిలో పెడతాయి. అందుకే చెరువుల్లో వేయడానికి హేచరీల నుంచి పిల్లలను కొని తెస్తారు. అంటే మన చెరువులో ఉన్న ప్రతి బొచ్చ పిల్లా ఎవరో డబ్బు పెట్టి వేసినదో, కాలువ నీటితో కొట్టుకొచ్చినదో అయి ఉంటుంది. దాని స్థానంలో ఇంకోటి అక్కడే పుట్టుకు రాదు.

కొరమీను సంగతి వేరు. అది చెరువులోనే, గడ్డి ఉన్న చోట గుడ్లు పెడుతుంది. పిల్లలు పుట్టాక తల్లీ తండ్రీ కాపలా కాస్తాయి. నీటి పైన ఎర్రెర్రగా పిల్లల గుంపు కదులుతుంటే కింద పెద్ద కొరమీను ఉందని అర్థం. అలాంటి చోట గాలం వేయకపోవడమే మంచిది. కాపలా చేపను లాగేస్తే ఆ పిల్లలన్నీ మిగతా చేపలకు మేత అయిపోతాయి.

సముద్రం వైపు, నిజాంపట్నం, సూర్యలంక దగ్గర ఉప్పుటేర్లలో పండుగప్ప పట్టేవాళ్లకు ఒక మాట. పండుగప్ప ముందు మగ చేపగా పెరుగుతుంది. కొన్నేళ్లు గడిచి బాగా పెద్దదయ్యాక ఆడదిగా మారుతుంది. చిన్నవాటినే ఏరుకుంటూ పోతే గుడ్లు పెట్టే ఆడ చేపలు తయారు కావు.

గాలం ఎందుకు మింగుతుంది?

చేప తినే పద్ధతిని బట్టి ఉంటుంది. బొచ్చ నీటి పైభాగంలో తిరుగుతూ సన్నని మేతను మెల్లగా లాక్కుంటుంది. పిండి ముద్ద పెట్టినప్పుడు దానికి గాలం ఎక్కువగా పెదవికే తగులుతుంది. కొరమీను, వాలుగ, జెల్ల, మార్పు, గొరక అలా కాదు. ఎరను ఒక్క గుటకలో మింగే రకాలు. ఎర్రో, చిన్న కప్పో కనపడితే నోట్లో ఆగకుండా నేరుగా గొంతులోకి పోతుంది.

రెండో కారణం మనమే. కర్ర గట్టు మీద గుచ్చి ఫోన్ చూసుకుంటూ కూర్చుంటాం. బెండు మునిగి రెండు నిమిషాలు అయ్యాక చూస్తాం. అప్పటికి చేప ఎరను మింగి దారాన్ని కూడా లాక్కుపోయి ఉంటుంది. దారం వదులుగా ఉన్నా ఇదే జరుగుతుంది. చేప కొరికిన సంగతి చేతికి తెలియదు. మూడోది గాలం సైజు. చిన్న గాలం, పెద్ద ఎర పెడితే పిల్ల చేపకు కూడా మింగడం సులువవుతుంది.

లాగితే లోపల ఏమవుతుంది?

చేప గుండె మొప్పలకు కాస్త వెనక, గొంతు కింద ఉంటుంది. గొంతు గోడకు దానికి మధ్య దూరం చాలా తక్కువ. ఆ వెనకే కాలేయం ఉంటుంది. రెండు పక్కలా మొప్పలు. అవి ఎర్రగా ఉండటానికి కారణం వాటి నిండా పారే రక్తమే.

గాలానికి కొన దగ్గర ఎదురుముల్లు ఉంటుంది. లోపలికి దిగడానికి అది అడ్డు రాదు, వెనక్కి రావడానికే అడ్డు. గొంతులో గుచ్చుకున్న గాలాన్ని దారం పట్టి లాగితే ఆ ముల్లు ఆహారనాళాన్ని చీల్చుకుంటూ వస్తుంది. కొన్నిసార్లు మొప్పలను, గుండెను కూడా తాకుతుంది. చేప అప్పటికప్పుడు చావకపోవచ్చు. కానీ నాళం చిరిగిన చేప మేత తినలేదు, గాయం కుళ్లుతుంది. అది ఎక్కడో నీళ్ల అడుగున జరుగుతుంది కాబట్టి మన కంట పడదు.

మరి గాలం లోపలే ఉంటే చావదా?

అందరికీ వచ్చే అనుమానం ఇదే. ఇనుప ముక్క కడుపులో ఉంటే ఎలా బతుకుతుంది అని. దీన్ని కెనడా పరిశోధకులు పరీక్షించి 2009లో ప్రచురించారు. గాలాన్ని లోతుగా మింగిన బ్లూగిల్ అనే చిన్న మంచినీటి చేపలను తీసుకున్నారు. కొన్నిటికి గాలం లాగి తీశారు, కొన్నిటికి దారం కోసి వదిలారు. పది రోజులు చూస్తే గాలం లాగిన వాటిలో 44 శాతం చచ్చిపోయాయి. దారం కోసిన వాటిలో చచ్చినవి 12.5 శాతం మాత్రమే. ఇంకా విచిత్రం ఏమిటంటే, దారం కోసిన చేపల్లో దాదాపు 71 శాతం ఆ పది రోజుల్లోపే గాలాన్ని వాటంతట అవే బయటికి తోసేశాయి.

అది మన నీళ్లలో ఉండే చేప కాదు. మన ఎండలకు, మన చేపలకు అంకెలు అవే రావాలని లేదు. కానీ ఇతర దేశాల్లో వేరే రకాల చేపల మీద చేసిన పరీక్షల్లోనూ ఎక్కువగా ఇదే తేలింది. లోతుగా దిగిన గాలాన్ని లాగితే ఎక్కువ చావులు, వదిలేస్తే తక్కువ. గాలం బయటికి రాకపోయినా దాని చుట్టూ కండ పెరిగి కప్పేయడం, మామూలు ఇనుప గాలమైతే తుప్పు పట్టి అరిగిపోవడం కూడా జరుగుతుంది. స్టెయిన్‌లెస్ స్టీల్ గాలాలు అంత తొందరగా తుప్పు పట్టవు. అందుకే వదిలే అలవాటు ఉన్నవాళ్లు మామూలు గాలాలే కొనాలి.

ఒడ్డున వరుసగా చేయాల్సినవి

ఒకటి. చేపను వెంటనే పైకి లేపకండి. నీళ్లలోనే ఉంచి నోరు చూడండి. గాలం పెదవికో, దవడకో తగిలి కనపడుతుంటే తీయొచ్చు. దారం మాత్రమే కనపడి గాలం కనపడకపోతే మింగేసిందని లెక్క.

రెండు. చేతులు తడుపుకోండి. చేప ఒంటి మీద ఉండే జిగురు దానికి రక్షణ. బూజు, క్రిములు లోపలికి పోకుండా ఆపేది అదే. పొడి చేత్తో, తువ్వాలుతో, లుంగీ అంచుతో పట్టుకుంటే ఆ జిగురు ఊడి వస్తుంది. ఎండకు కాలిన సిమెంటు గట్టు మీద, ఇసుకలో పడేస్తే ఇంకా నష్టం.

మూడు. దారం పట్టి వేలాడదీయకండి. చేప బరువంతా గొంతులో ఉన్న గాలం మీద పడుతుంది. మొప్పల్లో వేళ్లు పెట్టకండి. పొట్ట కింద ఒక చేయి, తోక దగ్గర ఒక చేయి వేసి మెల్లగా పట్టుకోండి. పొట్ట నొక్కకండి.

నాలుగు. మింగేసి ఉంటే నోటికి వీలైనంత దగ్గరగా, అందితే నోటి లోపలే, కత్తెరతో దారం కోసేయండి. బయట పొడవుగా దారం వేలాడితే గడ్డికి, తాడికి చుట్టుకుని చేప ఇరుక్కుపోతుంది. పళ్లతో కొరకడం, గట్టిగా లాగి తెంపడం వద్దు. జేబులో చిన్న కత్తెర ఒకటి ఉంటే చాలు.

ఐదు. గాలం నోట్లోనే కనపడుతుంటే నోస్ ప్లయర్‌తో గాలం వంపును పట్టుకుని, అది దిగిన దారిలోనే వెనక్కి తిప్పండి. రెండు మూడు సార్లు ప్రయత్నించినా రాకపోతే ఆపేయండి. అక్కడా దారం కోయడమే మేలు.

ఆరు. విసరకండి. నీళ్లలో నిటారుగా పట్టుకుని, కాలువ అయితే తల నీటి ప్రవాహానికి ఎదురుగా ఉంచండి. నోటి నుంచి నీళ్లు మొప్పల్లోకి పోతాయి. ముందుకూ వెనక్కీ ఊపాల్సిన పని లేదు. దానంతట అది చేతిలోంచి కదిలి పోయేదాకా ఆగండి.

మొత్తం పని అర నిమిషంలో అయిపోవాలి. దీనికీ ఒక లెక్క ఉంది. 1992లో కెనడాలోనే రెయిన్‌బో ట్రౌట్ అనే చేపల మీద పరీక్ష చేశారు. బాగా అలిసిపోయిన చేపలను గాలిలో అసలు పెట్టకపోతే 12 శాతం చచ్చాయి. 30 సెకన్లు గాలిలో ఉంచితే 38 శాతం, 60 సెకన్లు ఉంచితే 72 శాతం. ట్రౌట్ చల్లని నీళ్ల చేప, మన వాటికన్నా సున్నితం. అయినా విషయం అర్థమవుతుంది. ఫోటో దిగాలంటే ముందు ఫోన్ రెడీ పెట్టుకుని, అప్పుడు చేపను ఎత్తండి.

కొరమీను, మార్పు, గొరక లాంటివి గాలి కూడా పీల్చగలవు కాబట్టి ఒడ్డు మీద కాసేపు తట్టుకుంటాయి. అలాగని వాటిని తేలిగ్గా తీసుకోకండి. జిగురు పోయినా, గొంతు చిరిగినా వాటికీ అదే గతి.

ముళ్లతో జాగ్రత్త

జెల్లకు వీపు మీద ఒకటి, రెండు పక్కలా రెండు గట్టి ముళ్లు ఉంటాయి. భయపడితే వాటిని నిటారుగా నిలబెట్టేస్తుంది. ఇంగిలాయి పక్క ముళ్లలో విషం ఉంటుంది, గుచ్చుకుంటే చేయి అంతా మంట, వాపు. పిల్లల చేతికి ఇవ్వకండి. ఈ చేపలను ముట్టుకోకుండానే, నీళ్లలో ఉండగానే దారం కోసి వదిలేయొచ్చు. ఒకవేళ గుచ్చుకుంటే చర్మం కాలనంత వేడి నీళ్లలో చేయి పెడితే నొప్పి తగ్గుతుంది. తర్వాత డాక్టర్ దగ్గరికి వెళ్లండి. గాలం వేలికి దిగినా ఇంట్లో లాగకుండా ఆస్పత్రికి వెళ్లడమే మంచిది, టెటనస్ ఇంజెక్షన్ సంగతి కూడా అక్కడ చూస్తారు.

బతకదు అనిపిస్తే?

మొప్పల నుంచి ధారగా రక్తం వస్తుంటే, నీళ్లలో పెట్టినా పక్కకు ఒరిగిపోతూ కదలకుండా ఉంటే అది బతకడం కష్టం. అలాంటి చేపను చిన్నదైనా సరే ఉంచుకోవడమే న్యాయం. ఊరికే వదిలేస్తే ఎవరికీ పనికిరాదు.

మన ఇళ్లలో ఇది ఇంకాస్త ఆలోచించాల్సిన విషయం. చేపకు జబహ్ అక్కర్లేదని అందరికీ తెలుసు. గాలం దెబ్బకు చనిపోయిన చేప తినొచ్చు. కానీ దానంతట అది చచ్చి నీటిపై తేలిన చేపను హనఫీ మస్లక్ వాళ్లు తినరు. అంటే చావబోయే చేపను నీళ్లలోకి తోసేస్తే దయ చూపినట్టూ కాదు, ఆహారం దక్కినట్టూ కాదు. మసలా గురించి సందేహం ఉంటే మీ ఇమామ్ సాబ్‌ను అడగండి.

జబహ్ లేదు కదా అని పాలిథిన్ కవర్లో వేసి గంటసేపు కొట్టుకోనివ్వడం మాత్రం బాగోదు. ఉంచుకోవాలనుకున్న చేపకు తల మీద, కళ్లకు కాస్త వెనక గట్టిగా ఒక దెబ్బ వేస్తే వెంటనే స్పృహ పోతుంది. దానికీ బాధ తక్కువ, మాంసమూ బాగుంటుంది.

ఇంకో ముఖ్యమైన మాట. దారం కోసి ఇంటికి తెచ్చిన చేప కడుపులో గాలం ఉంటుంది. చేప శుభ్రం చేసే అమ్మీకో, ఆపాకో ముందే చెప్పండి. గాలం దొరికిందాకా వెతికి తీసి, అప్పుడే కూరలో వేయాలి. మర్చిపోతే అది వేలికైనా గుచ్చుకుంటుంది, పళ్లెంలోకైనా వస్తుంది.

తిరిగి వదలకూడనివి

అన్ని చేపలనూ వదలడం మంచిది కాదు. ఆఫ్రికా క్యాట్‌ఫిష్ పెంపకం మన దేశంలో నిషేధం. అది కనపడిన చేపనల్లా తినేస్తుంది, పెద్దగా పెరుగుతుంది. ఒంటి మీద పలకల్లాంటి గట్టి పొలుసులుండే డెవిల్ ఫిష్ కూడా బయటి దేశం నుంచి అక్వేరియంల ద్వారా వచ్చి మన నీళ్లలో పాకిపోయింది. చైనా గొరక అని పిలిచే తిలాపియా కూడా పరాయిదే, చెరువులోనే తొందర తొందరగా పిల్లల్ని పెడుతుంది. ఇవి పడితే చిన్నవైనా మళ్లీ నీళ్లలో వేయకండి. వేరే చెరువుకు తీసుకెళ్లి వదలడం అసలు చేయకండి.

మింగకముందే ఆపడం ఎలా?

కోసి వదలడం కన్నా మింగనివ్వకపోవడం మేలు. కర్ర చేతిలో ఉంచుకోండి, దారం బిగువుగా ఉంచండి, బెండు మీద కన్ను పెట్టండి. బెండు కదలగానే లాగితే గాలం పెదవికే తగులుతుంది. పిల్ల చేపలే ఎక్కువగా పడుతుంటే గాలం సైజు పెంచండి, లేదా చోటు మార్చండి.

ప్లయర్‌తో ఎదురుముల్లును నొక్కి అణచేస్తే గాలం తీయడం సులువు. చేపకైనా, మన వేలికైనా. కొన లోపలికి తిరిగి గుండ్రంగా ఉండే సర్కిల్ హుక్ అనే గాలాలు కూడా దొరుకుతాయి. మింగినా గొంతులో గుచ్చుకోకుండా జారి వచ్చి దవడ మూల పట్టుకునేలా వాటిని చేస్తారు. వాటితో గట్టిగా ఎగరేసి లాగకూడదు. దారం మెల్లగా బిగిస్తే చాలు. మూడు కొనల గాలం మాత్రం వదిలే ఉద్దేశం ఉన్నవాళ్లు వాడకూడదు.

ఎండాకాలం మధ్యాహ్నాలు మానేయండి. నీరు వేడెక్కితే అందులో ప్రాణవాయువు తగ్గుతుంది, అలిసిన చేప కోలుకోదు. తెల్లవారుజామున చేపలు నీటి పైకి వచ్చి నోరు తెరుస్తూ కనపడుతుంటే ఆ రోజు గాలం వేయకండి. అవి అప్పటికే ఊపిరాడక ఉన్నాయి. పత్తి, మిరప చేలకు మందు కొట్టే రోజుల్లో స్ప్రేయర్లు, డబ్బాలు కడిగిన కాలువల్లో పట్టిన చేప తినకపోవడమే మంచిది.

ఒడ్డున వదిలేసే దారం

గుంటూరు పక్కనే ఉప్పలపాడు చెరువుకు గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు ఎక్కడెక్కడి నుంచో వచ్చి గూళ్లు కడతాయి. వాటి మేత చుట్టుపక్కల చెరువుల్లో, కాలువల్లో ఉంటుంది. మనం తెంపి పారేసిన నైలాన్ దారం వాటి కాళ్లకు, ముక్కుకు చుట్టుకుంటే విడిపించేవాళ్లు ఉండరు. అది మట్టిలో కలవదు. తుంపులన్నీ జేబులో వేసుకుని ఇంటికి తెచ్చి ముక్కలుగా కత్తిరించి చెత్తబుట్టలో వేయండి.

బయల్దేరే ముందు

చాలా చెరువులు మత్స్యకారుల సహకార సంఘాలకు లీజులో ఉంటాయి. అక్కడి చేప వాళ్ల కష్టం. సరదాకైనా అడిగి పట్టాలి, అడగకుండా తెచ్చినది మన ఇంటి పళ్లెంలోకి రాకూడదు. తాగునీటి చెరువుల దగ్గర పంచాయతీ, మున్సిపాలిటీ ఏం చెప్తే అది వినాలి. లైనింగ్ వేసిన కాలువల గట్లు నాచు పట్టి జారతాయి, పడితే పట్టుకోవడానికి ఏమీ ఉండదు. పిల్లల్ని ఒంటరిగా పంపకండి.

వెళ్లేటప్పుడు గాలం, ఎర ఎలాగూ మర్చిపోం. ఇకనుంచి వాటితో పాటు ఒక కత్తెర, ఒక నోస్ ప్లయర్ కూడా సంచిలో వేసుకోండి. గొంతులోకి దిగిన గాలాన్ని లాగకూడదని, దారం కోసి వదిలేయాలని పక్కన కూర్చున్న పిల్లాడికి ఒకసారి చూపించండి. ఒక గాలం పోతుంది. అది కొనుక్కోవచ్చు.